ట్రక్కు ఆపినప్పుడు ఏది ఇవ్వాలి, ఏది ఇవ్వక్కర్లేదు

ఈ పోస్టు పొడుగ్గా ఉంటది. డాక్ దగ్గర లోడ్ కోసం కూర్చున్నప్పుడు చదువుకోండి, బండి నడుపుతూ మాత్రం వద్దు.

ఈ రెండు నెలల్లో నలుగురు మనోళ్ళు ఫోన్ చేసి ఒకటే అడిగిన్రు. "అన్నా, పోలీసాయన ఆపి లోపల చూస్తానంటే వద్దనొచ్చా? వద్దంటే పగబట్టి ఇరికిస్తడా?" ఫోన్‌లో పది నిమిషాల్లో తేలే ముచ్చట కాదు, అందుకే రాస్తున్నా. నేను లాయర్ని కాదు. టెక్సాస్‌లో రెండు ట్రక్కులున్న మామూలు ఓనర్ని. ఒకటి నేను నడుపుతా, ఇంకోటి మా బామ్మర్ది నడుపుతాడు. రెండింటి మీదా లోను ఉంది. ఒక బండి వారం ఆగితే ఆ నెల కిస్తీ ఇంటి ఖర్చులోంచి తీసి కట్టాలి. అందుకే ఈ విషయం కూర్చొని చదివిన, అర్థం కానిది లాయరుకు ఫీజు కట్టి అడిగి తెలుసుకున్న.

ముందు మన అలవాటు సంగతి చెప్తా. మాది ఆర్మూర్ పక్కన ఊరు. ఇక్కడికి రాకముందు ఆరేళ్ళు సౌదీలో ట్రైలర్ నడిపిన. మన దిక్కు చెక్‌పోస్టు కాడ లారీ ఆగితే క్లీనర్ కాగితాల మధ్యల నోటు మడిచి పెట్టుకొని ఉరికేటోడు. సౌదీలో మురూర్ వాళ్ళు ఆపితే ఇకామా, ఇస్తిమారా చేతిలో పెట్టి తల దించుకొని నిలబడుడే. రెండు చోట్లా మనం నేర్చుకున్నది ఒకటే: "సరే సార్" అంటే తొందరగా బయటపడతం. అమెరికాకు వచ్చినంక కూడా పోలీసు లైట్లు వెనక కనబడగానే నోరు దానంతటదే "ఓకే సర్" అంటది.

నోటు మడిచే అలవాటు గురించి ఒక్క మాట. ఇక్కడ అది జైలు కేసు. సరదాకు కూడా ఆ ఊసు ఎత్తొద్దు. "ఓకే సర్" మాత్రం అంతకన్నా కనబడని సమస్య. మనం మర్యాదకు అంటాం, చట్టం దాన్ని అనుమతి కింద రాసుకుంటుంది. సోదాకు ఒప్పుకోకపోయే హక్కు నీకుంది అని పోలీసు ముందుగా చెప్పాల్సిన పని లేదని 1973లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పేరు ష్నెక్‌లాత్ వర్సెస్ బుస్టమోంటే. కాబట్టి ఆ సంగతి మనకే తెలిసుండాలి.

ఇప్పుడు మా బామ్మర్దికి జరిగింది చెప్తా. పోయిన చలికాలం, మా రాష్ట్రం కాదు, పక్క రాష్ట్రంలో. లేన్ గీత మీదికి టైరు పోయిందని ఒక ట్రూపర్ ఆపిండు. టైరు గీతను తాకిందా లేదా అని అక్కడ కొట్లాడి లాభం లేదు. చిన్న ట్రాఫిక్ తప్పు కనబడితే చాలు, అధికారి మనసులో ఇంకేమున్నా ఆపడం చెల్లుతుందని 1996 నాటి రెన్ కేసులో తేల్చేసిన్రు. దిగమంటే దిగాలి కూడా, అది 1977 నాటి మిమ్స్ కేసు. మావాడు అన్నీ చేసిండు. లైసెన్సు, మెడికల్ కార్డు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, బిల్ ఆఫ్ లేడింగ్, ఈఎల్‌డీ లాగ్ అన్నీ ఇచ్చిండు. ట్రూపర్ బండి చుట్టూ తిరిగి ఇన్‌స్పెక్షన్ చేసి, రిపోర్టులో ఒక తప్పు రాసిండు: ట్రైలర్ వెనక ఎడమవైపు లైటు వెలగడం లేదని. లేన్ విషయానికి వార్నింగ్ ఇచ్చి, కాగితాలన్నీ తిరిగి ఇచ్చిండు. ఆ తర్వాత అడిగిండు, "డు యు మైండ్ ఇఫ్ ఐ టేక్ ఎ లుక్ ఇన్ ద స్లీపర్?"

అక్కడ ఒక్క క్షణం ఆగి ఆ ఇంగ్లీషు ముక్క చూడండి. "డు యు మైండ్" అంటే "నీకేమైనా అభ్యంతరమా" అని. దానికి మనం "నో" అంటే "అభ్యంతరం లేదు, చూస్కో" అని అర్థం. వద్దు అందామని "నో" అన్నవాడు కూడా ఒప్పుకున్నట్టే అవుతుంది. "యెస్" అంటే ఇంకో గందరగోళం. అందుకే నేను మా బండ్లలో ఎస్, నో రెండూ బంద్ పెట్టిన. పూర్తి వాక్యం చెప్పాలి: "సర్, ఐ డు నాట్ కన్సెంట్ టు ఎ సెర్చ్." మావాడు అదే చెప్పిండు, గొంతు పెంచకుండా, చేతులు కనబడేటట్టు పెట్టుకొని. తర్వాత "ఆమ్ ఐ ఫ్రీ టు గో, సర్?" అని అడిగిండు. కాదన్నడు. కుక్కను పిలిపించిండు. నలభై నిమిషాలు చలిలో నిలబెట్టిన్రు. కుక్క వచ్చింది, చుట్టూ తిరిగింది, ఏమీ దొరకలేదు. పొమ్మన్నరు. డెలివరీ అపాయింట్‌మెంట్ పోయింది, బ్రోకర్ లేట్ ఫీజు కోసుకున్నడు.

ఇది విన్నవాళ్ళు "చూసినవా, వద్దన్నందుకే కదా నలభై నిమిషాలు పోయింది" అంటరు. సరే. దీన్ని రెండుగా విడదీసి చూద్దాం. మొదటిది బండి సంగతి, రెండోది మనిషి సంగతి. మనోళ్ళు యూట్యూబ్‌లో వీడియోలు చూసి ఈ రెండూ కలిపేస్తున్నరు. దాంతో అవసరం లేని చోట వద్దంటున్నరు, అనాల్సిన చోట ఒప్పుకుంటున్నరు.

బండి సంగతిలో మనకు స్వేచ్ఛ చాలా తక్కువ. మామూలు కారును కారణం లేకుండా ఊరికే ఆపకూడదని 1979లో డెలావేర్ వర్సెస్ ప్రౌస్ కేసులో చెప్పిన్రు. అది చదివి "నన్నెందుకు ఆపినవ్, కారణం చెప్పు" అని ట్రక్కు డ్రైవర్ వాదిస్తే కుదరదు. ప్రభుత్వం గట్టిగా నియంత్రించే వ్యాపారాల్లో వారంట్ లేకుండా తనిఖీ చేయొచ్చని 1987లో న్యూయార్క్ వర్సెస్ బర్గర్ కేసులో వచ్చింది. అది పాత కార్లు విప్పి అమ్మే యార్డు కేసు, కానీ కోర్టులు అదే సూత్రాన్ని ట్రక్కులకూ వర్తింపజేస్తున్నయి. అందుకని వే స్టేషన్‌లోకి రమ్మంటే పోవాలి, ఇన్‌స్పెక్షన్ అంటే చేయించుకోవాలి. లెవెల్ 1 అంటే 37 అంచెల పూర్తి తనిఖీ, బండి కిందికి కూడా దూరి చూస్తరు. లెవెల్ 2 చుట్టూ తిరిగి చూసేది. లెవెల్ 3 డ్రైవర్ కాగితాలు, లాగ్ వరకే. బ్రేకులు, టైర్లు, సరుకు కట్టిన తీరు, స్లీపర్ నిబంధన ప్రకారం ఉందా లేదా, ఇవన్నీ చూసే అధికారం వాళ్ళకుంది. మద్యం పరీక్ష కూడా వద్దనడానికి లేదు. ట్రక్కు నడిపేటప్పుడు మన పరిమితి 0.04 శాతం, కారువాళ్ళకు చాలా రాష్ట్రాల్లో ఉన్నదాంట్లో సగం. పరీక్షకు నిరాకరిస్తే సీడీఎల్ ఏడాది పోతుంది.

సీలు వేసిన ట్రైలర్ తెరుస్తానంటే అడ్డుపడొద్దు. కానీ సీలు తెంపినప్పుడు టైము, అధికారి బ్యాడ్జి నంబరు, కొత్త సీలు నంబరు బిల్ ఆఫ్ లేడింగ్ మీద రాసుకొని, వీలైతే ఆయనతో సంతకం పెట్టించుకోండి. సీలు తెగిన లోడును రిసీవర్ తిప్పి పంపితే ఆ నష్టం మన నెత్తినే పడుతుంది.

మనిషి సంగతి వేరే. నీ సూట్‌కేసు, నీ పరుపు కింద, నీ బ్యాగు, నీ ఫోను. ఇవి బ్రేకుల తనిఖీలో భాగం కావు. ఫోన్‌లో ఉన్నది చూడాలంటే, అరెస్టు చేసినా సరే, మామూలుగా వారంట్ కావాలని 2014లో రైలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లాగ్ ఈఎల్‌డీ స్క్రీన్ మీద చూపించడం వేరు, ఫోన్ అన్‌లాక్ చేసి చేతికివ్వడం వేరు. లాగ్ యాప్ ఫోన్‌లోనే నడిపే తమ్ముళ్ళు దీని గురించి ఆలోచించుకోండి. నేనైతే లాగ్ కోసం విడిగా చిన్న ట్యాబ్లెట్ పెట్టిన.

బండి విషయంలో ఇంకో చేదు నిజం కూడా తెలిసుండాలి. "స్లీపర్ నా ఇల్లు, వారంట్ తే" అనే మాట చెల్లదు. నేరం ఉందనడానికి బలమైన ఆధారం ఉంటే వారంట్ లేకుండానే వాహనాన్ని సోదా చేయొచ్చని 1925 నుంచి ఉంది. లోపల మనిషి నివసించే మోటార్ హోమ్‌కి కూడా అదే వర్తిస్తుందని 1985లో చెప్పిన్రు. అంటే ఆధారం ఉంటే నువ్వు వద్దన్నా చూస్తరు. ఆధారం లేకుంటే మాత్రం నీ అనుమతి మీదే ఆధారపడాలి. ఆయన అడుగుతున్నడంటే చాలాసార్లు కారణం అదే. వద్దన్నందుకే అనుమానించడానికి లేదని 1991లో ఫ్లోరిడా వర్సెస్ బోస్టిక్ కేసులో రాసిన్రు.

ఇప్పుడు ఆ నలభై నిమిషాలు. ఆపిన పని అయిపోయినంక, కొత్త అనుమానానికి కారణం లేకుండా, కుక్క కోసం ఆపి ఉంచకూడదు. ఇది 2015 నాటి రాడ్రిగేజ్ కేసు. అక్కడ వార్నింగ్ రాసిచ్చినంక ఏడెనిమిది నిమిషాలు అదనంగా నిలబెట్టిన దాని మీదే తగువు సుప్రీంకోర్టు దాకా పోయింది. మరి మావాడిని నలభై నిమిషాలు ఎట్ల నిలబెట్టిన్రు? డాష్‌క్యామ్ వీడియో పెట్టి ఫిర్యాదు రాసినం. కొన్ని వారాలకు మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది, పరిశీలించామని. అంతే. నేను మీకు తియ్యగా చెప్పను. ఏమీ దొరకని వాడి నష్టపోయిన టైముకు ఇక్కడ కూడా పెద్దగా విలువ కట్టరు. అయినా వద్దనడమే మేలు అంటా. ఎందుకంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్లీపర్‌లో, పాత డ్రైవర్ ఏ మూల ఏం వదిలిపెట్టిపోయిండో మనకు తెలుసా? "ఓకే సర్" అని ఒప్పుకుంటే దొరికినదంతా కోర్టుకు పోతుంది, అప్పుడు లాయరుకు కొట్లాడటానికి పెద్దగా ఏమీ మిగలదు. వద్దన్నాక చూస్తే ఆ సోదా చెల్లుతుందా లేదా అని జడ్జి ముందు అడగొచ్చు.

రోడ్డు పక్కన మాత్రం ఆపొద్దు, అడ్డు నిలబడొద్దు, చెయ్యి వేయొద్దు. వాక్యం ఒకసారి చెప్పినవ్, కెమెరాలో పడ్డది. నీ పని అయిపోయింది.

ఇంగ్లీషు విషయం ఇప్పుడు బాగా ముఖ్యం. డ్రైవర్‌కు ఇంగ్లీషు రావాలనే నిబంధన పాతదే. కానీ 2025 జూన్ 25 నుంచి అది రాకుంటే అక్కడికక్కడే అవుట్ ఆఫ్ సర్వీస్ పెడుతున్నరు. ముందు అధికారి ఇంగ్లీషులో మాట్లాడి చూస్తడు. అప్పుడు ఫోన్‌లో అనువాదం యాప్, పక్కన మాట సాయం చేసేవాడు పనికిరావు. తర్వాత రోడ్డు సైన్ బోర్డులు గుర్తుపట్టాలి. అందుకే "ఏమడిగినా నోరు మూసుకో" అని లాయర్ల వీడియోల్లో చెప్పేది మనకు అట్లనే పనికిరాదు. ఎక్కడి నుంచి వస్తున్నవ్, ఎక్కడికి పోతున్నవ్, ఏం లోడ్, ఎన్ని గంటలు నడిపినవ్, ఇవి ఉద్యోగం ప్రశ్నలు. చక్కగా, చిన్న వాక్యాల్లో జవాబు చెప్పండి. బండిలో గంజాయి ఉందా, క్యాష్ ఎంత ఉంది, నీ ఫ్రెండ్స్ ఎవరు అని మళ్ళినప్పుడు "సర్, ఐ డోంట్ వాంట్ టు ఆన్సర్ దట్" అనొచ్చు. ఆ వాక్యం ఇంగ్లీషులో గట్టిగా చెప్పగలిగితే నీకు ఇంగ్లీషు వచ్చినట్టే కదా. ఏది చెప్పినా అబద్ధం మాత్రం చెప్పొద్దు. చెప్పకపోవడం హక్కు, అబద్ధం చెప్పడం ఇంకో కేసు.

"మనం సిటిజన్లం కాదు కదా అన్నా, మనకు హక్కులెక్కడివి?" అని ఒక తమ్ముడు అడిగిండు. రాజ్యాంగంలో ఈ రక్షణలున్న చోట సిటిజన్ అని రాయలేదు, మనుషులు, వ్యక్తి అని రాసిన్రు. 1886లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో బట్టలుతికే చైనా వలసదారుల కేసు, యిక్ వో కేసు, సుప్రీంకోర్టుకు పోయింది. చెక్క భవనాల్లో లాండ్రీ పెట్టుకోవడానికి చైనా వాళ్ళకు పర్మిట్లు ఇయ్యకుండా మిగతావాళ్ళకు ఇస్తున్నరని. సమాన రక్షణ సిటిజన్లకే కాదు అని కోర్టు చెప్పింది. మనలాంటి కూలి మనుషులు గెలిచిన కేసు అది. అయితే గ్రీన్‌కార్డు ఉన్నోళ్ళు 18 ఏళ్ళు దాటితే కార్డు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలని ఫెడరల్ చట్టం చెప్తుంది. ఇంట్లో బీరువాలో భద్రంగా దాచుకునే అన్నలు గమనించండి.

ఇక ఓనర్ల సంగతి. నువ్వు ఇంట్లో నిద్రపోతుంటావు, వెయ్యి మైళ్ళ దూరంలో నీ డ్రైవర్ "ఓకే" అంటే నీ బండి సోదాకు సాధారణంగా అది చాలు. బండి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట చెల్లుతుంది. అందుకే జీతం మాట్లాడేటప్పుడే ఇది కూడా నేర్పించాలి. ఇంకా పెద్ద భయం బండి జప్తు. డ్రైవర్ దగ్గర మత్తు మందు దొరికితే నీకు ఏ సంబంధం లేకున్నా బండిని పట్టుకోవచ్చు. అలబామాలో ఒకామె కొడుక్కి, ఇంకొకామె ఫ్రెండ్‌కి కారు ఇస్తే వాటిలో మత్తు పదార్థాలు దొరికి కార్లను పోలీసులు పట్టుకున్నరు. కలీ వర్సెస్ మార్షల్ కేసు అదే. జప్తు విచారణ సకాలంలో పెట్టాలి గానీ, అంతకు ముందు బండిని ఉంచుకోవచ్చా అని విడిగా ఇంకో విచారణ పెట్టక్కర్లేదని 2024లో తీర్పు వచ్చింది. అంటే నెలలు ఆగొచ్చు. ఈలోపు కిస్తీ ఆగదు.

దీనికి మందు ముందే వేసుకోవాలి. ఫెడరల్ చట్టంలో తప్పు తెలియని ఓనర్‌కు రక్షణ ఉంది, కానీ నాకు తెలియదు అని నిరూపించుకునే బరువు మన మీదే. డ్రైవర్‌ని పెట్టుకునేటప్పుడు చేయించిన డ్రగ్ టెస్ట్ కాగితం, రాతపూర్వకంగా ఇచ్చిన నియమాలు, అనుమతి కాగితం లేకుండా ప్యాసింజర్‌ని ఎక్కించుకోవద్దన్న మాట (ఇది ఎట్లాగూ ఫెడరల్ నిబంధనే), ఇవి ఫైల్‌లో ఉండాలి. ఫెడరల్ వాళ్ళు కోర్టుకు పోకుండా జప్తు మొదలుపెడితే సాధారణంగా 60 రోజుల్లో నోటీసు పంపాలి. ఆ ఉత్తరంలో క్లెయిమ్ వేయడానికి చివరి తేదీ ఉంటుంది, ఉత్తరం పంపిన రోజు నుంచి కనీసం 35 రోజులు. అది దాటితే బండి మీద ఆశ వదులుకోవాల్సిందే. రాష్ట్రాల చట్టాల్లో గడువులు వేరుగా ఉంటయి. కాబట్టి ఇల్లు మారితే రిజిస్ట్రేషన్ మీద అడ్రస్ మార్చుకోండి. ఆ ఉత్తరం పాత అపార్ట్‌మెంట్ మెయిల్ బాక్సులో పడి ఉండకూడదు.

చివరగా ఆ లైటు సంగతి. లేట్ ఫీజు కన్నా నాకు భయం దాని మీదే ఉండె. ఇన్‌స్పెక్షన్‌లో రాసిన తప్పు కంపెనీ రికార్డు లెక్కల్లో 24 నెలలు ఉంటుంది. ఇన్సూరెన్సు వాడు చూస్తడు, బ్రోకర్ చూస్తడు. డ్రైవర్ కొత్త ఉద్యోగం కోసం పోతే మూడేళ్ళ ఇన్‌స్పెక్షన్లు కనబడతయి. ట్రూపర్ వెళ్ళిన మరుక్షణం మావాడు ట్రైలర్ వెనక నాలుగు ఫోటోలు, ఒక వీడియో తీసిండు, లైట్లన్నీ వెలుగుతున్నట్టు, టైము కనబడేటట్టు. రిపోర్టు 24 గంటల్లోపు నాకు పంపిండు. తప్పు రాసి ఉంటే కంపెనీ దాన్ని సరిచేసి, సంతకం పెట్టి 15 రోజుల్లో తిరిగి పంపాలి. నేను "తనిఖీ చేశాం, లైటు పనిచేస్తోంది" అని పంపి, డేటాక్యూస్ అనే ఫెడరల్ వెబ్‌సైటులో అభ్యంతరం పెట్టిన. దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఫోటోలు, వీడియో, ఆ రోజు పొద్దున చేసిన ట్రిప్ ఇన్‌స్పెక్షన్ కాగితం జత చేసిన. కొన్ని వారాలకు ఆ లైటు తప్పు రికార్డులోంచి తీసేసిన్రు. ఫిర్యాదుకు రాని న్యాయం నాలుగు ఫోటోలకు వచ్చింది.

టికెట్ పడితే కూడా ఊరికే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసి చేతులు దులుపుకోవద్దు. కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే. కారు లైసెన్సు ఉన్న మన సాఫ్ట్‌వేర్ అన్నలు క్లాసు చేసి టికెట్ మాయం చేసుకుంటరు. సీడీఎల్ ఉన్నోళ్ళకు ఆ సౌకర్యం లేదు, శిక్షను అట్ల దాచడానికి వీల్లేదని ఫెడరల్ నిబంధన ఉంది. పరిమితికి 15 మైళ్ళు మించిన స్పీడు లాంటి పెద్ద తప్పులు మూడేళ్ళలో రెండు పడితే 60 రోజులు ట్రక్కు నడపనీయరు. అదే టికెట్ మీద కోర్టులో కొట్లాడి కొట్టేయించుకుంటే డేటాక్యూస్‌లో కూడా తీసేయించుకోవచ్చు.

మా రెండు బండ్లలో సన్ వైజర్‌కు ఒక కార్డు అంటించిన. పైన ఇంగ్లీషులో ఆ రెండు వాక్యాలు, కింద తెలుగులో: కాగితాలన్నీ ఇయ్యి, ఇన్‌స్పెక్షన్ చేయించుకో, సోదాకు ఒప్పుకోను అని ఒక్కసారి చెప్పు, ఆయన పోయినంక బండి చుట్టూ ఫోటోలు తియ్యి, రిపోర్టు వెంటనే పంపు. అది మొదటి రోజు చదివి మా బామ్మర్ది "ఏంది బావా, బడి పిల్లగాని లెక్క" అని నవ్విండు. ఇప్పుడు కొత్తగా సీడీఎల్ చేస్తున్న వాళ్ళ రూమ్మేట్లకు అదే కార్డు ఫోటో తీసి పంపిస్తున్నడు.

మీ రాష్ట్రంలో ఏమైనా తేడా ఉంటే కింద రాయండి, అందరికీ పనికొస్తది. పెద్ద చిక్కులో పడితే నా పోస్టు పట్టుకొని పోవద్దు, లాయరు దగ్గరికి పోండి. నిదానంగా నడపండి, ఇంటికాడ మన కోసం ఎదురుచూసేటోళ్ళు ఉన్నరు.